పల్నాటి వీరకథలో మాకు నచ్చిన ఘట్టములు

ఈకాలపు పిల్లల చేతులలో గ్రీకు పురాణముల ననుసరించి వ్రాసిన నవలలు తరచుగా కనబడుచున్నవి. అమెరికా రచయిత రిక్ రయర్డన్ 2005వ సంవత్సరమున ప్రకటించిన పెర్సీ జాక్సన్ కథ వానిలో మిక్కిలి పేరుగన్నది. పండ్రెండేండ్ల బాలుడొకడు తాను సముద్రదేవుని కుమారుడనని యెరిగి, తల్లిని తిరిగి తెచ్చుకొనవలెనను ఆశతో పాతాళలోకమునకు బోవుట అందలి కథ. పిల్లలు దానిని విడువక చదువుట చూచి మేము సంతోషించితిమి. కాని అట్టి బాలవీరుడు మన పల్నాటిసీమలోనే కలడనియు, వాని కథను నడిపినవారిలో స్త్రీలే ముఖ్యులనియు పిల్లలకు జెప్పువారు మన యిండ్లలో తగ్గిపోయిరి. అందుచే మాకు నచ్చిన కొన్ని ఘట్టములను సోదరీమణులకు జ్ఞాపకము చేయుచున్నాము.

కథ యెల్లరు నెరిగినదే. గురజాల నేలిన నలగామరాజును, మాచెర్ల నేలిన మలిదేవరాజును సవతితల్లుల బిడ్డలు. ఆ పక్షమున మంత్రి నాయకురాలు నాగమ్మ. ఈ పక్షమున బ్రహ్మనాయుడు. కోడిపోరులో నోడి మలిదేవుడు ఏడేండ్లు రాజ్యము విడిచెను. గడువు తీరినను రాజ్యము తిరిగి రాకపోగా, 1182 ప్రాంతమున కారెంపూడి యొద్ద ఘోరయుద్ధము జరిగెను. దీనిని వీరవిద్యావంతులు తరతరములుగా పాడుచు వచ్చిరి. శ్రీనాథుడు రచించెనని చెప్పబడు ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించిరి.

మా కన్నిటికంటె ముందు జ్ఞాపకమువచ్చునది బొంగరాల యాట. పెద్దలందరు యుద్ధభూమికి పోయినను, బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రునకు ఆ మాటయే తెలియదు. తోడివారితో గూడి వీధిలో బొంగరము లాడుచుండగా, వాని బొంగరము పోయి ఒక వైశ్యకాంత కాలికి దగిలి గాయపరచెను. ఆమె నొప్పిచేత, తండ్రులు రణమునకు బోయియుండగా నీకీ యాట లేమని నిందించెను. వాడు కోపింపలేదు, సిగ్గుపడెను. ఆ సిగ్గుతోనే బాల్యము ముగిసినది. దేవతలెవ్వరును ప్రత్యక్షము కాకుండ, గాయపడిన పొరుగింటి స్త్రీ నోటిమాటచే వీరుడు మేల్కాంచుట మాకు మిక్కిలి సహజముగ దోచును.

పిమ్మట తల్లి ఐతాంబ ఘట్టము. ఎన్నియో నోములు నోచి కన్న యొక్కగానొక్క బిడ్డ యుద్ధమునకు సెలవడుగగా ఆ తల్లి యేమి చేయగలదు? వల దన్నచో వినడు. పొమ్మని చెప్పుటకు నోరు రాదు. అందుచే ఆమె, పోవుటకు ముందు నీ భార్యను జూచి రమ్మనెను. కోడలి ముఖము చూచినచో వాడు నిలుచునేమో యని యామె యాశ. గ్రీకుల కథలలో అకిలీజు తల్లి తన కుమారుడు యుద్ధమునకు బోకుండ ఆడువేషము వేసి దాచెనని చెప్పుదురు. దేశము లెంత దూరమైనను తల్లుల యుపాయము లొక్కటే.

ఇక మాంచాల. పెండ్లియైన నాటినుండి భర్త యామె గడప త్రొక్కి యెరుగడు. వేశ్యయింట కాలము గడపుచుండెను. తుదకు వచ్చినాడు, కాని వచ్చినది కాపురమునకు గాదు, సెలవు గైకొనుటకు. అట్టి మాంచాల వానిని నిలుపక, కత్తి చేతికిచ్చి సాగనంపెనని కథకులు పాడుదురు. హోమరు కావ్యమున హెక్టరు భార్య ఆండ్రొమకి బిడ్డతో ఎదురువచ్చి, తండ్రియు నేడుగురు సోదరులును చచ్చిరి, నీవైన నన్ను విడువకు మని భర్తను వేడుకొనును. తండ్రి శిరస్త్రాణము చూచి పసివాడు జడిసి యేడ్వగా, హెక్టరు నవ్వుచు దానిని దీసి క్రింద బెట్టును.

మనవారు మాంచాలను వీరపత్ని యని పొగడుదురు. మేమును పొగడుదుము. కాని ఈ కథ విన్న ఆడపిల్ల, "ఆమె యేల యాపలేదు?" అని యడిగినచో, ధైర్య మని యొక్క మాటతో సరిపెట్టరాదు. ఒక్కనాడును తనవాడు కానివానిని ఏ హక్కుతో నాపును? తనకు దక్కని సంసారమును విడిచి, తనకు దక్కు గౌరవము నామె యెన్నుకొనెను. ఆండ్రొమకికి పోగొట్టుకొనుట కొక యిల్లు కలదు. మాంచాలకు అదియు లేదు. ఇట్లు చెప్పినచో మాంచాల చిన్నది కాదు. ఆమె దుఃఖముకూడ మనకు దెలియును.

చాపకూడు ఘట్టము చెప్పక విడువరాదు. బ్రహ్మనాయుడు మాలకన్నమదాసును కుమారునిగ జూచుకొని సేనానిని జేసెను. అన్ని కులముల వీరులును ఒక్క చాపపై గూర్చుండి భుజించిరి. బాలచంద్రుని తమ్ములనబడు తోడివారును వివిధకులములవారే. వారిలో బ్రాహ్మణుడైన అనపోతును, యుద్ధమున జచ్చినచో పాపమువచ్చునని, ఒక నెపమున వెనుకకు బంపివేసిరి. మోసము దెలిసి యతడు ప్రాణము విడిచెను. ఒక చాపపై తిన్నవారు సహితము ఒక్కని వేరుచేసిరి. ఆ వేరుచేయుటయే వానిని జంపెను. పిల్లలకు ఈ రెండు ఘట్టములను కలిపి చెప్పవలెను.

నాగమ్మను దుష్టురాలిగా జెప్పుట వాడుక. రాయబారమునకు వచ్చిన అలరాజునకు విషము పెట్టించిన నేరము కథ యామెపై మోపినది. అలరాజు నలగాముని యల్లుడు. పుట్టింటివారే భర్తను జంపగా పేరిదేవి చితి కెక్కినది. ఆ చితిని మేము మెచ్చజాలము. ఆ యన్యాయమును మరువజాలము. అయినను, ఏడు గడియల మంత్రిపదవి యను వరము సంపాదించి, దానిని నిలుపుకొని రాజ్యతంత్రము నడపిన వితంతువు నాగమ్మ. పౌరుషము కొరకు పోరు కోరినవారు రెండు పక్షములందును కలరు. నింద మాత్రము స్త్రీ పేరనే నిలిచినది. 1947 నాటి పల్నాటి యుద్ధము చిత్రమున కన్నాంబగారును, 1966 నాటి చిత్రమున భానుమతిగారును ఈ పాత్రను ధరించిరి. గొప్ప నటీమణులు కోరదగిన పాత్ర యనుటకు అదియే సాక్ష్యము.

యుద్ధాంతమున బాలచంద్రుడు లేడు, తమ్ములు లేరు. మిగిలిన బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున బ్రవేశించెనని జనులు చెప్పుకొందురు. నేటికిని కార్తికమాసపు టమావాస్యనుండి ఐదు దినములు కారెంపూడిలో నాగులేటి యొడ్డున తిరునాళ్ళు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు బేళ్లు. వీరుల యాయుధములకు పూజలు చేయుదురు.

ఆ యాయుధముల ముందు నిలిచినపుడు ఐతాంబకును, మాంచాలకును, పేరిదేవికిని గుర్తుగ నేమి కలదని మాకు దోచును. వారి గుర్తు మన నోటిమాటయే. ఈ రాత్రి భోజనములైన పిమ్మట, గ్రీకు కథ చదువు పిల్లవానిని దగ్గర గూర్చుండబెట్టుకొని బొంగరాల యాటనుండి మొదలుపెట్టుడు. వాడు వినకపోడు.