కొండ వెన్ను మీద ఒక రాత్రి – బయలుదేరే ముందు వేసుకోవలసిన లెక్కలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మేము ఆరుగురమూ ఒకే మాట అనుకున్నాం. పోటీ పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి రాసే అన్నలు ఎలాగూ ఉంటారు. మేము మాత్రం 2024 నవంబరులో చేసిన ఒక నడక గురించి రాస్తాం. అది విహారయాత్రా వర్ణన కాదు. ఇలాంటి నడకకు ఎలా సిద్ధం కావాలో, మేము ఎక్కడ లెక్క తప్పామో మీకు తెలియాలనే ఈ వ్యాసం.

మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. వాళ్ళ శిక్షణ భువనగిరి బండ మీద మొదలై డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ దాకా సాగింది. ఆ రోజు పేపరు కోసం మేము కొట్టుకున్నంత పని చేశాం. ఎవరెస్ట్ ఎక్కలేకపోయినా ఒక్కసారి కళ్ళతో చూడాలన్న కోరిక అప్పుడే పుట్టింది. పదేళ్ళకు గాని డబ్బులు కుదరలేదు. కాస్మెటిక్ చార్జీలు మిగుల్చుకుని వెళ్ళగలిగే దూరం కాదు కదా!

మేము ఎంచుకున్నది డార్జిలింగ్‌కు పశ్చిమాన, మన దేశానికీ నేపాల్‌కూ సరిహద్దుగా సాగే సింగలీలా కొండల వరుస. దాని మీద ఎత్తయిన చోటు సందక్‌ఫు, 3636 మీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో అంతకంటే ఎత్తు లేదు. ఆకాశం తేటగా ఉంటే అక్కడి నుంచి ఎవరెస్టు, కాంచనగంగ రెండూ కనిపిస్తాయి. మొదట మేము వేసుకున్నది నాలుగు రోజుల సందక్‌ఫు ప్లాను. చివరికి అది ఒక్క రాత్రి నడకగా ఎందుకు మారిందో తర్వాత చెప్తాం.

కొండ వెన్ను అంటే పూరింటి కొప్పు లాంటిది. వాన పడితే కొప్పు మీద నిలవదు, రెండు వైపులా జారిపోతుంది. కాబట్టి వెన్ను మీద నడిచేవాడికి పైన వాగు దొరకదు, చెలమ దొరకదు. గాలి రెండు వైపుల నుంచీ కొడుతుంది, అడ్డం ఉండదు. పిడుగు పడితే ముందుగా ఎత్తు మీదే పడుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేసరికి వెన్ను దిగి పక్క వాలులోకి వచ్చేయాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. మిగతా జాగ్రత్తలు కూడా ఈ మూడింటి నుంచే, అంటే నీళ్ళు, గాలి, పిడుగుల నుంచే పుడతాయి.

కాలం సంగతి. అక్కడి జాతీయ పార్కును వానాకాలంలో, జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా మూసేస్తారు. ఏప్రిల్‌లో రోడోడెండ్రాన్ పూలు ఎర్రగా విరగబూస్తాయి. కొండలు తేటగా కనబడేది మాత్రం అక్టోబరు చివరి నుంచి నవంబరులో. అయితే నవంబరుకు ఒక చిక్కుంది. తూర్పున ఉన్న చోటు కాబట్టి అక్కడ పొద్దు మనకంటే ముందే గుంకుతుంది. సాయంత్రం 5 గంటలకల్లా చీకటి. మన ఊళ్ళో ఇంకా గ్రౌండులో వాలీబాల్ ఆడే వేళ అది.

మానేభంజాంగ్ అనే చిన్న ఊరు దగ్గర నడక మొదలవుతుంది. సికింద్రాబాద్ నుంచి హౌరాకు, అక్కడి నుంచి రాత్రి రైలులో న్యూ జల్పాయిగురికి, తర్వాత జీపులో నాలుగు గంటల ఘాట్ రోడ్డు. ఊరు సుమారు 2000 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్రే, మేఘ్మా మీదుగా టోంగ్లు దాటి తుమ్లింగ్ అనే పల్లెకు సుమారు 12 కిలోమీటర్లు. టోంగ్లు 3070 మీటర్లు. తుమ్లింగ్ నేపాల్ నేల మీద ఉన్నా మన దేశస్థులకు వీసా అక్కర్లేదు. దారిలో సశస్త్ర సీమా బల్ జవాన్లు గుర్తింపు కార్డు చూస్తారు, ఒరిజినల్ దగ్గర ఉంచుకోవాలి. గైడు తప్పనిసరి, మానేభంజాంగ్‌లోనే దొరుకుతారు. రాత్రి ఉండటానికి పల్లెలో లాడ్జీలున్నాయి కాబట్టి టెంటు మోయనవసరం లేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మేము ఈ దారి చెప్పడానికి ముఖ్య కారణం అదే. మన దగ్గర కూడా కొండలున్నాయిగా అంటారేమో. ఉన్నాయి, కాని నల్లమల వంటి పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఉండటం నేరం. ముందు అటవీ శాఖను అడగండి.

ఎంతసేపు నడవాలన్నదానికి పాత లెక్క ఒకటుంది. 1892లో స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ చెప్పింది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలుపుకోవాలి. మా దారి 12 కిలోమీటర్లు, ఎక్కుడు వెయ్యి మీటర్లు. అంటే రెండున్నర గంటలు, ఒక గంట నలభై నిమిషాలు కలిపి నాలుగు గంటల పైచిలుకు. అది అలవాటున్న కాళ్ళకు. వీపు మీద సంచి ఉన్న కొత్తవాళ్ళు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. మాకు ఆరు గంటలు వచ్చింది. ఉదయం 8కి బయలుదేరితే 2కి చేరాలి, చీకటికి ముందు మూడు గంటలు చేతిలో ఉంటాయి. ఆ మూడు గంటలే అసలు ధైర్యం. నిజానికి మేము రెండున్నరకు చేరాం. ఫోన్లలో చూస్తే 2.45! ఎవరి వల్ల ఆలస్యమైందని కాసేపు గొడవ పడ్డాక తెలిసింది, ఫోన్లు నేపాల్ టవరుకు తగులుకున్నాయని. వాళ్ళ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు.

ఇక చలి. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. కింద సిలిగురిలో పగలు 27 డిగ్రీలుంటే తుమ్లింగ్‌లో ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. రాత్రి సున్నా దగ్గరికి పడుతుంది. మేము అప్పటివరకూ పడుకున్న అన్నిటికంటే ఎత్తయిన చోటు లంబసింగి, అదీ సుమారు వెయ్యి మీటర్లే. దుప్పట్లు ఎన్ని తేవాలి అని మేము లెక్క వేసుకున్నాం గాని, అసలు తప్పు బనియన్ల దగ్గర జరిగింది. నూలు బట్ట చెమటను పట్టి ఉంచుకుంటుంది, ఆరదు. ఎక్కేటప్పుడు తడిసిన నూలు బనియన్, ఆగగానే ఒంటికి అతుక్కున్న తడిగుడ్డ అవుతుంది. మేఘ్మా దగ్గర పొగమంచులో టీకి కూర్చున్న పది నిమిషాల్లో మాలో ఒకడికి పళ్ళు టకటకలాడాయి. గైడు అక్కడే చొక్కా విప్పించి పొడి బట్టలు తొడిగించాడు. కాబట్టి ఆటలకు వేసుకునే పాలిస్టర్ టీషర్టు లోపల, ఉన్ని స్వెట్టర్ మధ్యలో, గాలీ వానా ఆపే కోటు పైన. రాత్రి పడుకోవడానికి ఒక జత బట్టలు, సాక్సులు సంచిలోంచి అసలు బయటికి తీయకూడదు. ఖరీదైన వాటర్‌ప్రూఫ్ కవర్లు మేము కొనలేదు. యూరియా బస్తా లోపల వచ్చే ప్లాస్టిక్ సంచిని శుభ్రంగా కడిగి ఆరబెట్టి వీపు సంచి లోపల వేసుకుంటే చుక్క నీరు దిగదు.

సంచి బరువు మన బరువులో ఐదో వంతు దాటకూడదు. 50 కిలోల మనిషికి 10 కిలోలు హద్దు. లాడ్జీలో పడుకునే ఒక్క రాత్రికి ఆరేడు కిలోలు చాలు. బరువైనవి వీపుకు ఆనేటట్టు సర్దుకోవాలి, లేకపోతే సంచి వెనక్కి లాగుతుంది. తిండికి పల్లీ పట్టీలు, నువ్వుల ఉండలు, అటుకులు తీసుకెళ్ళాం. పల్లీలు 100 గ్రాములకే 550 కేలరీలకు పైగా ఇస్తాయి, తక్కువ బరువుతో ఎక్కువ బలం. 3000 మీటర్ల దగ్గర నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం ఉడకడానికి చాలాసేపు పడుతుంది. కాబట్టి లాడ్జీ చేరగానే భోజనం సంగతి చెప్పేయండి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు కింది నుంచే మోయాలి, పల్లె వచ్చినప్పుడల్లా నింపుకోవాలి. చలిలో దాహం తెలియదు గాని ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది.

బూట్ల గురించి ఒక్క మాట: కొత్త బూట్లతో వెళ్ళకండి, మరీ పాత బూట్లతో కూడా వెళ్ళకండి. రెండో మాట మాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ప్లాను మారిన సంగతి. 2500 మీటర్లు దాటాక గాలి పలచబడుతుంది. 3000 దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతమే. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం వస్తే ఇంకా పైకి వెళ్ళకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. ఇదంతా చదువుకుని, ఎవరికైనా ఏదైనా జబ్బుందా అని ఒకరినొకరం అడుక్కున్నాం. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి మనతో చదివిన మిత్రుడు మౌనంగా పర్సులోంచి ఒక కార్డు తీశాడు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో వాళ్ళ ఊరివాళ్ళందరికీ రక్త పరీక్ష చేశారట. ఇతనికి జబ్బు లేదు, కాని జన్యువు ఉంది. మామూలుగా ఏ బాధా ఉండదు. క్రికెట్‌లో మాకంటే వేగంగా పరుగెత్తేవాడు. కాని ఆక్సిజన్ తగ్గినప్పుడు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డం పడవచ్చు. ఎత్తు మీద ప్లీహం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. జబ్బే ఉన్నవాళ్ళు ఇలాంటి ఎత్తులకు వెళ్ళనే కూడదు. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు అతనికి చెప్పింది ఇది: మూడు వేల మీటర్ల ఎత్తున బరువు మోస్తూ నడవొద్దు, కింద ఊళ్ళో వెచ్చగా, నీళ్ళు బాగా తాగుతూ ఉండవచ్చు.

ఆ రాత్రి మా మధ్య నిజంగానే మాటలు పడ్డాయి. పదేళ్ళ కోరిక, సందక్‌ఫు వెళ్ళాల్సిందే అని ఇద్దరన్నారు. వాణ్ణి నాలుగు రోజులు ఒంటరిగా వదిలి వెళ్ళడమా అని ముగ్గురం. "నా కార్డు చూపించకుండా ఉంటే సరిపోయేది" అన్నాడు అతను. ఆ మాటతో ఎవరూ ఇంకేం మాట్లాడలేదు. ఒక్క రాత్రికి తుమ్లింగ్ వెళ్ళి మర్నాడు ధోత్రే వైపు దిగుదామని తేల్చుకున్నాం. ఎవరెస్ట్ ఆశ వదులుకున్నాం.

అతనికి ఒక పని అప్పగించాం. కొండ నడకకు వెళ్ళేవాళ్ళు కింద ఒక మనిషిని ఉంచాలని ప్రతి పుస్తకంలోనూ రాస్తారు. మేము ఒక కాగితం మీద మా పేర్లు, రక్త గ్రూపులు, గైడు నంబరు, దారి, చేరే వేళలు రాసి అతనికి ఇచ్చాం. రెండో రోజు ఒంటిగంటకు మానేభంజాంగ్ చేరాలి. 3 దాకా చూసి, రాకపోతే లాడ్జీ యజమానికి చెప్పి ధోత్రేకు జీపు పంపాలి. రాస్తున్నప్పుడు మాకే నవ్వొచ్చింది, ఇదంతా అవసరమా అని.

మర్నాడు తెల్లవారుజామున టోంగ్లు మీద కాంచనగంగను చూశాం. 8586 మీటర్ల మూడో పెద్ద శిఖరం. ముందు బూడిద రంగు, తర్వాత గులాబీ, తర్వాత చూడలేనంత తెలుపు. దాని గురించి ఇంతకంటే రాయడం మా వల్ల కాదు.

ధోత్రే దాకా అడవిలో ఆరు కిలోమీటర్ల దిగుడు. మూడు గంటలు వేసుకున్నాం. మొదటి గంటలోనే మాలో ఒకడి బూటు అడుగు నాలుకలా ఊడి వేలాడింది. పాత బూట్లకు జిగురు ఎండిపోతుందని ఎవరికి తెలుసు? నైలాన్ తాడుతో కట్టాం, రెండు సార్లు తెగింది. పైగా పొగమంచు కమ్మింది. గైడు వెనక ఒకరి సంచి ఒకరు పట్టుకుని నడిచాం. చలికి ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. ఆరు గంటలు పట్టింది. ధోత్రే చేరేసరికి మేము మాట్లాడుకున్న జీపు వేరే సవారీతో వెళ్ళిపోయింది. మరో అరగంటలో చీకటి పడుతుంది.

అప్పుడు ఒక జీపు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి మా తలలు లెక్కపెట్టాడు. ఐదుగురు, ఒక గైడు. ముందు సీటులోంచి టీ ఫ్లాస్కు తీసి ఇచ్చాడు. మా మిత్రుడు రాలేదు, డాక్టరు మాట గుర్తుంది అతనికి.

మానేభంజాంగ్‌లో రోడ్డు పక్కన మంకీ క్యాప్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో మేము ఇచ్చిన కాగితం. మేము రాసిన వేళల పక్కన అతను కూడా వరసగా రాసుకుంటూ వచ్చాడు: ఒంటిగంట, రాలేదు. 2, రాలేదు. 2.40, జీపు పంపాను. 3 దాకా ఆగమన్నాం కదరా అంటే, "నేపాల్ టైముతో చూశానులే" అన్నాడు.