మన ఎండ్రకాయ, అద్దాల తొట్టిలోని అందగాడు

పోయిన నెలలో హోసూరులో మా అక్కగారింటికి వెళ్ళినప్పుడు నడవలో ఒక అద్దాల తొట్టి కనిపించింది. అందులో జానెడు పొడవైనా లేని నీలిరంగు ప్రాణి ఒకటి, పటకారువంటి ముందుకాళ్ళు చాచుకొని దర్జాగా కూర్చుని ఉన్నది. “లాబ్‌స్టర్ మామా, బెంగుళూరులో కొన్నాను” అన్నాడు మేనల్లుడు. మా అమ్మ కళ్ళద్దాలు సవరించుకొని చూచి, “రొయ్యకూ ఎండ్రకాయకూ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డలా ఉంది గదరా!” అన్నది.

అది సముద్రపు జంతువు కాదు, మంచినీటి జంతువు. ఇంగ్లీషులో క్రేఫిష్ అంటారు. మన ఎండ్రకాయను తమిళులు నండు అనీ, కన్నడిగులు ఏడి అనీ పిలుస్తారు. ఈ క్రేఫిష్‌కు మాత్రం మూడు భాషలలోనూ ఇంటిపేరు లేదు. జంతువే లేని దేశంలో పేరెక్కడి నుండి వస్తుంది? ప్రపంచంలో ఆరువందలకు పైగా జాతుల క్రేఫిష్‌లున్నా, భారతదేశపు ఏరులలో సహజంగా పుట్టినది ఒక్కటీ లేదు. ఒకప్పుడు మన భూఖండంతో కలిసి ఉండిన ఆస్ట్రేలియాలోనూ, మడగాస్కరులోనూ ఉన్నవి. మన వద్ద లేవు. ఇక్కడ ఆ స్థానాన్ని ఎండ్రకాయలు ఆక్రమించుకొని ఉన్నవని పండితులు కొందరి ఊహ.

మావాడి మాట విన్న తరువాత ఈ విషయమై కొంత చదివాను. అందులో ఒక కథ వింతగా తోచింది. ఇండోనేషియాకు చెందిన పశ్చిమ పాపువాలో ఒక వాగున్నది. అక్కడి ఊదా, నీలి, గులాబి వన్నెల క్రేఫిష్ చాలా ఏళ్ళు దేశదేశాల అంగళ్ళలో తొట్టి అలంకారంగా అమ్ముడుపోయింది. కొన్నవారికి దాని ఊరు తెలియదు, శాస్త్రానికి దాని పేరు తెలియదు. క్రిస్టియన్ లుఖౌప్ అనే జర్మన్ పరిశోధకుడు దానిని వర్ణించి, 2015లో చెరాక్స్ పుల్చర్ అని నామకరణం చేశాడు. పుల్చర్ అంటే లాటిన్‌లో అందమైనది అని అర్థం. అదే ఏడు ఆ ప్రాంతపుదే మరొక జాతికి, పటకారు కొనలు నారింజరంగుగా ఉన్నదానికి, ఎడ్వర్డ్ స్నోడెన్ పేరున చెరాక్స్ స్నోడెన్ అని పేరిచ్చారు. కొత్తజాతి అంటే కొత్తగా పుట్టినది కాదు. అడవిలో ఎవరో ఒకరు చూచి ఉంటారు, సంతలో ఎవరో అమ్మి ఉంటారు. దాని అవయవాలను కొలిచి, తక్కిన జాతులతో పోల్చి, నమూనాను భద్రపరచి, లోకానికి ప్రకటించినప్పుడే అది లెక్కలోకి వస్తుంది. ఆఫీసులో రిజిస్టరులో ఎక్కని కాగితం లేనట్టే గదా!

లెక్కలోకి రాకముందే అమ్మకమైతే రెండు ప్రమాదాలు. పుట్టిన వాగులో అవి తరిగిపోయినా అడిగేవాడుండడు. కొత్తనీటిలో పడితే ఏమి చేస్తాయో చెప్పేవాడుండడు. రెండవదానికి సాక్ష్యం కావాలంటే జర్మనీని అడగాలి. 1990లలో అక్కడి తొట్లలో చారల క్రేఫిష్ ఒకటి కనిపించింది. అన్నీ ఆడవే; మగదానితో పని లేకుండానే పిల్లలను పెడతాయని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2017లో దానికి ప్రొకాంబరస్ వర్జినాలిస్ అనే పేరు వచ్చింది. ఈలోగా ఎట్లాగో మడగాస్కరు చేరి, అక్కడి ఏళ్ళలోనూ వరిమళ్ళలోనూ వ్యాపించింది. ఒక్కటి తప్పించుకున్నా చాలు, వంశం నిలబడుతుంది.

అంతకు పూర్వం ఐరోపాలో జరిగినది ఇంకా ఘోరం. 1860 ప్రాంతంలో ఇటలీలో మొదలై, నీటిబూజు వలన వచ్చే ఒక తెగులు అక్కడి క్రేఫిష్‌లను నది తరువాత నదిగా తుడిచిపెట్టింది. ఉత్తర అమెరికా క్రేఫిష్‌లు ఆ తెగులును మోస్తాయి గాని, వాటికి సాధారణంగా ముప్పు ఉండదు.

ఇదంతా మనకెందుకంటారా? ఆ రోజు మావాడు అన్నాడు: “కాలేజీ హాస్టలుకు పోయేటప్పుడు కెలవరపల్లి డ్యాములో వదిలేస్తాను మామా. పాపం, బతుక్కుంటుంది.” వాడి మనసు మంచిదే. నేనూ సరేనన్నాను. చదివిన తరువాత నా మాటకు నాకే భయం వేసింది. నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని కెలవరపల్లి దాటి, కృష్ణగిరి డ్యాముకు, అక్కడి నుండి సముద్రానికి పోతుంది. ఇక్కడ వదిలినది ఇక్కడే ఉంటుందని ఎవరు పూచీ? 1952లో మన దేశానికి తెచ్చిన జిలేబి చేప ఈనాడు ఎన్ని చెరువులలో నిండి ఉన్నదో మనకు తెలియనిది కాదు. ఇప్పటికే పట్నపు మురికితో నురుగులు కక్కుతున్న ఏటికి ఇంకొక బరువు మనమెందుకు మోపాలి?

ఆ ఏటినీ, పొలాలనీ నమ్ముకొని మన ఎండ్రకాయ ఉన్నది. దక్షిణదేశపు వరిమళ్ళలో తిరిగే ఒక జాతికి 1798లోనే ఫాబ్రిసియస్ పండితుడు సెనెక్స్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ముసలివాడు అని అర్థం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దానిమీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఆడది గుడ్లను పొట్టకింద మోసి, పిల్ల ఎండ్రకాయలుగా బయటపడేదాకా కాపాడుతుంది. గట్లకు బొక్కలు పెడుతుందని మన రైతు తిట్టుకుంటాడు. అయినా అది ఇక్కడి బిడ్డే.

కనుక తొట్టెలు పెట్టుకున్న పిల్లలున్న ఇండ్లవారికి నా మనవి ఒక్కటే. పెంచలేని ప్రాణిని కొన్న అంగడికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచగల మరొకరికి అప్పగించండి. కాలువలో గాని, చెరువులో గాని, ఏటిలో గాని వదలవద్దు. తొట్టి కడిగిన నీళ్ళు కూడా వాటిలో పోయవద్దు.

మా మేనల్లుడికి ఇదంతా చెప్పితే కాసేపు ముఖం ముడుచుకున్నాడు. తరువాత, “అయితే హాస్టలుకు పోయినాక నువ్వే పెంచు మామా” అన్నాడు. సరేనన్నాను. ఇప్పుడు ఆ నీలి అందగాడు మా ఇంటి నడవలో ఉన్నాడు. అమ్మ రోజూ ఉదయం వాడిని పలకరించి, “నీ ఊరేదిరా?” అని అడుగుతుంది.