పొగగొట్టంలో పోయే వేడికి ఒక పని

2024 జనవరిలో కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, లోతు సముద్రంలోని ఒక క్షేత్రం నుంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది. దాన్ని అందుకున్నది అక్కడే లంగరేసి ఉన్న ‘ఆర్మడా స్టెర్లింగ్ ఫైవ్’ అనే ఓడ. బావి నుంచి వచ్చినదాన్ని చమురు, గ్యాసు, నీరుగా విడదీసి, చమురును కడుపులో దాచుకుని, ట్యాంకర్లు వచ్చినప్పుడు వాటికి తోడిపోసే ఇలాంటి ఓడలను ఎఫ్‌పీఎస్‌ఓలు అంటారు.

నడిసముద్రంలో కరెంటు తీగ ఉండదు. అందుకే ఇలాంటి పెద్ద ఓడల్లో చాలావరకు బావి గ్యాసునే టర్బైన్లలో మండించి విద్యుత్తు తయారుచేసుకుంటారు. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే విద్య కొత్తదేమీ కాదు. అమీన్ అనే రసాయనపు ద్రావణంతో వాయువును కడిగే పద్ధతికి 1930లోనే అమెరికాలో పేటెంటు వచ్చింది. ఎత్తైన స్తంభంలో పైనుంచి ద్రావణం జారుతుంది, కిందినుంచి పొగ లేస్తుంది. 40 డిగ్రీల దగ్గర అమీన్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేస్తుంది.

చిక్కంతా విడిపించడంలోనే. ద్రావణం మళ్లీ పనికి రావాలంటే 120 డిగ్రీల దాకా కాచాలి. పాత రకం అమీన్‌తో టన్ను వాయువు వదిలించడానికి సుమారు 3.6 గిగాజౌళ్ల వేడి కావాలి. అంటే 1000 యూనిట్ల కరెంటుతో సమానం. దీనికోసం మరింత గ్యాసు మండిస్తే మరింత పొగ!

పల్లెటూళ్లలో వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పు మీద స్నానానికి నీళ్లు కాగబెట్టేవారు. ఓడ మీదా అదే ఉపాయం. టన్ను కార్బన్ డయాక్సైడ్ వెలువడాలంటే సుమారు 18 గిగాజౌళ్ల గ్యాసు కాలాలి. టర్బైన్ అందులో మూడో వంతు దాకా విద్యుత్తుగా మారుస్తుంది. మిగిలిన దాదాపు 12 గిగాజౌళ్లు 500 డిగ్రీల పొగగా గొట్టంలోంచి పోతాయి. చమురును వేడిచేయడానికి కొంత వాడుకున్నా, ఆ పొగతో ఆవిరి పుట్టించి అమీన్‌ను కాచే వీలుంటుంది.

అయితే ఓడ నేల కాదు. బొగ్గు కేంద్రం పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 శాతం పైగా ఉంటే, గ్యాస్ టర్బైన్ పొగలో 3, 4 శాతమే. పలచని పొగకు పెద్ద స్తంభం కావాలి. డెక్కు మీద చోటు తక్కువ, బరువుకూ హద్దుంది. పైగా అలలకు స్తంభం ఒరిగితే ద్రావణం ఒకవైపే జారి, రెండోవైపు పొగ కడగకుండానే తప్పించుకుంటుంది. అందుకే పొగలో కొంత భాగాన్ని తిరిగి టర్బైన్‌లోకి పంపి చిక్కబరచడం, స్తంభానికి బదులు గిరగిరా తిరిగే చిన్న యంత్రంలో ద్రావణాన్ని చిమ్మడం లాంటి మార్గాలపై పరిశోధన సాగుతోంది.

పట్టినదాన్ని దాచే చోటు సముద్రం అడుగునే ఉంది. నార్వేలోని స్లైప్నర్ వేదిక 1996 నుంచి ఏటా 10 లక్షల టన్నుల దాకా సముద్రగర్భపు ఇసుకరాతి పొరల్లోకి ఎక్కించింది. బ్రెజిల్ ఎఫ్‌పీఎస్‌ఓలూ చమురు బావుల్లోకి తిరిగి పంపుతున్నాయి. కానీ ఈ రెండుచోట్లా వేరుచేస్తున్నది బావి గ్యాసులో సహజంగా కలిసివచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను. అధిక పీడనంలో ఉంటుంది కాబట్టి అది సులువు. టర్బైన్ పొగ దగ్గరికి వచ్చేసరికే అసలు పరీక్ష.

ఒక్క లెక్క మాత్రం మరవకూడదు. పీపా చమురు కాలితే సుమారు 400 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని తీసేటప్పుడు ఓడ వదిలేది అందులో చిన్న పాలు. ఓడ తన పొగను తానే కడుక్కోవడం మంచిదే. కానీ అంతమాత్రాన ఆ చమురు శుభ్రమైన ఇంధనం అయిపోదు.