నాణేలను గురించి తెలుగులో వ్రాయడం

ప్రాచీన నాణేలను గురించి తెలుగులో వెలువడే వ్యాసాలు ఎక్కువగా రెండు విధాలు. శాస్త్రజ్ఞులు తమ తోటివారి కోసం వ్రాసేవి కొన్ని. నాణెం పేరు చెప్పి రాజవంశాన్ని కీర్తించేవి మరికొన్ని. మొదటివి సామాన్యునికి అందవు. రెండవవి అందినా వాటివల్ల అతనికి ప్రయోజనం లేదు. ఈ రెండింటి నడుమ నిలిచిపోయినవాడు నాణెం చేతబట్టుకొన్న సేకర్త. అతడు బడిపంతులు కావచ్చు, వైద్యుడు కావచ్చు, కంసాలి కావచ్చు. తన చేతిలోనిది ఏమిటో, దానిని ఏ విధంగా చూడవలెనో చెప్పే రచన అతనికి కావాలి. అట్టి రచన చేయగలవారు శాస్త్రజ్ఞులు మాత్రమే కారు; వాక్యం మీద అధికారం గల రచయితలు కూడా.

ఇందులో ఉన్న లాభనష్టాలు స్వల్పమైనవి కావు. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో ఉన్న కోటిలింగాల దిబ్బమీద దొరికిన నాణేలను మొదట ఏరి దాచినవారిలో స్థానికులు ఉన్నారు. 1970ల చివర పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించి ప్రకటించారు. నాడీశస్త్ర వైద్యులు, నాణేల పరిశోధకులు అయిన దేమె రాజారెడ్డి వాటిపై గ్రంథం వ్రాసినవారిలో ఒకరు. గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు మనకు ఈ నాణేలవల్లనే తెలిసినవి. సిముకుని పేర చదివిన నాణేలు కూడా అక్కడ లభించినవి. ఆ లోహపు ముక్కలు మూసలో కరిగిపోయి ఉంటే ఒక అధ్యాయమే లేకుండా పోయేది. దొరికిన చోటు మరచిపోతే నాణెం సాక్ష్యంలో సగం పోయినట్లే. ఈ సంగతి సేకర్తకు తెలియజెప్పడం రచయిత మొదటి పని.

రెండవ పని, చరిత్రకు ముందు వస్తువును చూపడం. దీనికి కొత్త పారిభాషిక పదాలను సృష్టించనక్కరలేదు. బొమ్మ, బొరుసు, అచ్చు, పోత, కమ్మటం, వన్నె, ఒరగల్లు—ఇవన్నీ మన నుడికారంలో ఉన్నవే. ‘పురోభాగం’, ‘పృష్ఠభాగం’ అని వ్రాస్తే పాఠకుడు ఒక్క క్షణం ఆగుతాడు. ‘బొమ్మవైపు’, ‘బొరుసువైపు’ అంటే ఆగడు. అయితే ఏనుగు ఉన్న వైపును బొమ్మగాను, అడ్డగీతల కొసలకు నాలుగు వలయాలు గల ఉజ్జయినీ చిహ్నమున్న వైపును బొరుసుగాను తీసుకొన్నామని మొదటనే ఒకసారి చెప్పాలి. లోహం సీసమా, రాగియా, వెండియా, లేక రాగితో తగరం, సీసం కలిసిన పోటిన్ అనే మిశ్రమమా అన్నది కూడా ఆ చోటనే రావాలి.

ఇక అక్షరాలు. శాతవాహనుల నాణేలపై సాధారణంగా కనబడే భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ‘రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస’ అని మూలం మాత్రం ఇచ్చి ఊరుకొంటే అది పాఠకునికి మంత్రమే. ‘రఞో’ అంటే రాజు యొక్క. చివరనున్న ‘స’ మన ‘యొక్క’ వంటిది. కనుక వాసిష్ఠి కుమారుడైన శ్రీపుళుమావి రాజుగారిది అని అర్థం. ఇంత చెబితే చాలు, తరువాతి నాణెం మీద ‘స’ కనబడగానే దానిని అతడే పోల్చుకొంటాడు. మరొక చిక్కు ఉన్నది. అచ్చు పెద్దది, లోహపు బిళ్ళ చిన్నది అయినప్పుడు అక్షరాలలో కొన్ని బయటనే ఉండిపోతాయి. ఒక నాణెం మీద ఆరంభం, మరొకదాని మీద అంతం దొరుకుతుంది. పండితులు అనేక నాణేలను కలిపి పూర్తి పాఠం నిర్ణయిస్తారు. ఈ సంగతి చెప్పకుండా పూర్తి పాఠమే అచ్చువేస్తే, తన నాణెం మీద నాలుగే అక్షరాలున్నాయని సేకర్త దానిని నకిలీ అనుకొంటాడు.

మలి అచ్చును వివరించడానికి జోగళ్‌టెంభి నిధికంటె మంచి ఉదాహరణ లేదు. 1906లో నాసిక్ ప్రాంతంలో బయటపడిన ఈ నిధిలో 13,250కి పైగా వెండి నాణేలు ఉన్నవి. అవి క్షహరాత రాజు నహపానునివి. వాటిలో సుమారు 9,270 నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను తిరిగి కొట్టించాడు. సరిగా తుడవని పలకమీద మళ్ళీ వ్రాసినట్లు, కొత్త ముద్ర అడుగున పాత రాజు ముక్కో, కన్నో, రెండు అక్షరాలో నిలిచి ఉన్నవి. ఒక రాజు మరొక రాజును జయించిన తరువాత జరిగిన సంగతి ఇక్కడ కంటికి కనబడుతున్నది.

అయితే కన్ను చూసినది వేరు, చదివినది వేరు, ఊహించినది వేరు. ఈ మూడింటిని కలిపివేయడమే మన వ్యాసాలలోని పెద్ద దోషం. శాతవాహనుల వెండి నాణేలలో రాజు ముఖం ఒక వైపున, ప్రాకృత పాఠం దాని చుట్టూ ఉంటాయి. రెండవ వైపున ద్రావిడభాషా పాఠం ఉన్నది. ఇంతవరకు కంటి సాక్ష్యం. అది తమిళమని అనేకులన్నారు. తెలుగుకు దగ్గరగా ఉన్న దేశి అని మరికొందరన్నారు. మన భాషాభిమానం రెండవ మాటనే సిద్ధాంతంగా వ్రాయమని తొందరపెడుతుంది. అభిమానానికి లోబడిన రచన తరువాతి పరిశోధకునికి అడ్డంకి అవుతుంది. వాదం తీరలేదని చెప్పడంవల్ల పాఠకుని ఆసక్తి తగ్గదు, పెరుగుతుంది.

ఇట్టి రచన అవసరం వస్తుప్రదర్శనశాలలకు దూరంగా ఉన్నవారికి మరీ ఎక్కువ. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనే పేరుతో ఉన్న శ్రీవిజయపురానికి సమీపాన బ్రూక్షాబాద్ ఉన్నది. అక్కడి తెలుగు పాఠకుడు శాతవాహన నాణేన్ని చూడాలంటే సముద్రం దాటాలి. కాని సముద్రం దాటిన తెలుగు నాణేలూ ఉన్నవి. నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుని బంగారు నాణేలు, అంతకు ముందు పాలించిన మొదటి శక్తివర్మ నాణేలు అరకాను తీరాన చెదుబా ద్వీపంలో దొరికినవి. పలుచని బంగారు రేకు, నడుమ వరాహం, చుట్టూ విడివిడిగా కొట్టిన అక్షరాలు. భారత కథ వలన ఆ రాజును ఎరిగిన పాఠకునికి ఈ నాణెం బంగాళాఖాతాన్ని కొత్తగా చూపిస్తుంది. అండమాన్ దీవులకు తమవైన నాణెపు కథ కూడా ఉన్నది. 1860లలో బందీల వలసకోసం ముద్రించిన, నడుమ రంధ్రం గల రాగి బిళ్ళలు రూపాయి విలువకు చెల్లినవి. రాగికి రూపాయి విలువ ఎట్లా వచ్చింది? నాణెం విలువ లోహంలో ఉన్నదా, ప్రభుత్వపు మాటలో ఉన్నదా? ఆర్థికశాస్త్రంలోని పెద్ద ప్రశ్నను ఆ బిళ్ళ సులభంగా ఎత్తి చూపుతుంది.

సేకర్తకు చెప్పవలసిన ఆచరణ విషయాలను చిన్నచూపు చూడరాదు. బరువు గ్రాములలోను, వ్యాసం మిల్లీమీటర్లలోను ఇవ్వాలి. చిత్రం అసలు పరిమాణంలో ఉండాలి. ఇత్తడి బిందెను తోమినట్లు రాగి నాణేన్ని చింతపండుతో తోమరాదని వ్రాయాలి. మెరుపుతోపాటు అక్షరాలూ పోతాయి. సీసపు నాణేలను చెక్కపెట్టెలో దాస్తే ఆ చెక్కలోని ఆమ్లపు ఆవిరికి తెల్లని పొడి పట్టి శిథిలమవుతాయని హెచ్చరించాలి. భూమిలో దొరికిన నిధిని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపవలెనని, నూరేండ్లు నిండిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువని, దానిని స్వేచ్ఛగా విదేశాలకు పంపరాదని చెప్పాలి.

వ్యాసం పూర్తయిన తరువాత రచయిత దానిని శాస్త్రం చదువుకోని ఒక మిత్రునికి, ఒక నాణెంతోపాటు ఇచ్చి చూడాలి. అతడు చదువుతూ మధ్యమధ్య నాణేన్ని తిప్పి చూస్తే రచన ఫలించినట్లు. ఒక్కసారీ తిప్పకుండా ముగిస్తే, ఆ వ్యాసాన్ని మళ్ళీ వ్రాయవలసి ఉన్నదని గ్రహించాలి.