గుడి, చర్చి, సర్కారు

మన వటారణ్యేశ్వరస్వామి ఆలయమును ప్రభుత్వాధికారులు నిర్వహించుచుండగా, మన రాజ్యము మతాతీతమని పుస్తకములలో ఏల వ్రాసినారు? పై తరగతుల విద్యార్థులు ఈ ప్రశ్న వేయుదురు. ఇంటివద్ద తలిదండ్రులకును ఇది ఎదురగుచుండును గనుక దీనిని కొంత వివరింపదలచితిమి.

రాజులకాలమున ఈ సందేహమే లేదు. రాజేంద్రచోళుడు పళైయనూరు గ్రామమును ఈ స్వామికి దానమొసగి, 31 రాగిరేకులపై వ్రాయించెను. ఆ శాసనము 1905లో బయల్పడినది. తరువాత కుంపినీవారు 1817లో మదరాసు రాజధానిలోని దేవాలయ మాన్యములను రెవిన్యూ బోర్డు పర్యవేక్షణ క్రిందికి తెచ్చిరి. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహారాధనకు తోడ్పడుట తగదని మిషనరీలును వారి మిత్రులును ఆందోళన చేయగా కుంపినీ తొలగిపోయెను. 1863 చట్టముతో ఆలయములు స్థానిక కమిటీల పరమయ్యెను. వింత యేమనగా, ఆ ఇంగ్లండులో రాజే చర్చికి అధిపతి. నేటికిని 26 మంది బిషప్పులు ప్రభువుల సభలో కూర్చుండుచున్నారు. తమ చర్చికొక న్యాయము, మన గుడికొక న్యాయము!

కమిటీల పాలనపై ఫిర్యాదులు పెరుగగా 1920 దశకమున మదరాసు శాసనసభ ధర్మాదాయ బోర్డును నెలకొల్పెను. 1951లో బోర్డు స్థానమున ప్రభుత్వ శాఖయే వచ్చినది. నేడు మన ఆలయము తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి దేవస్థానమునకు ఉపాలయముగా ఆ శాఖ పాలనలో నున్నది. ఐతే అధికారి చేతిలో ఉండవలసినది లెక్క, భూమి, హుండీ; పూజావిధానము కాదు. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీంకోర్టు గీచిన గీత యిదియే: మతసంస్థల ఆస్తి నిర్వహణను చట్టము క్రమపరుపవచ్చును, మతమునకు ముఖ్యమైన ఆచారమేదో ఆ మతసిద్ధాంతమును బట్టియే తేల్చవలెను. ఈ గీత అన్నివేళల స్పష్టముగా నుండదు. అర్చకుల నియామకము ఏ ప్రక్కకు చెందునను వివాదము పలుమార్లు కోర్టుల కెక్కినది. చర్చిలకు లేని శాఖ గుడులకేల యను విమర్శయు కలదు, దానిని త్రోసిపుచ్చలేము.

పశ్చిమ దేశములలోనైనను గీత ఒక్కచోట లేదు. జర్మనీలో చర్చిపన్నును ప్రభుత్వమే వసూలుచేసి చర్చికిచ్చును. ఫ్రాన్సు, మన రాగిరేకులు దొరకిన 1905లోనే, మతాచార్యులకు ఖజానానుండి జీతములిచ్చుట మానినది. కాని పాత చర్చి భవనములలో అధికభాగము ప్రభుత్వ, పురపాలకముల ఆస్తిగనే మిగిలెను. భక్తులు అద్దె లేకయే వాడుకొందురు. ఆనాడు జర్మనీలో నుండిన ఆల్సేసునకు ఆ చట్టము సోకలేదు. అచ్చటి మతాచార్యులకు నేటికిని ప్రభుత్వమే జీతమిచ్చును. సరిహద్దు మారిన ప్రాంతముల తీరు మనకు వేరుగ చెప్పనక్కరలేదు. తిరుత్తణి 1960 ఏప్రిలు 1న చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినది.

పాఠశాలల మాట. ప్రభుత్వము కూర్చిన ప్రార్థనను ప్రభుత్వ పాఠశాలలలో చదివింపరాదని 1962లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ఇష్టములేనివారు ఊరకుండవచ్చునన్నను ఒప్పుకొనలేదు. మన రాజ్యాంగపు 28వ అధికరణము వేరుదారి త్రొక్కినది. పూర్తిగ ప్రభుత్వ ధనముతో నడచు బడిలో మతబోధ కూడదు. గుర్తింపుగాని గ్రాంటుగాని పొందిన బడిలో, సంరక్షకుని సమ్మతి లేనిదే పిల్లలను మతబోధకు, ఆరాధనకు కూర్చుండబెట్టరాదు. ఈ సమ్మతి తలిదండ్రుల హక్కు. ప్రధానోపాధ్యాయుని దయ కాదు.

30వ అధికరణము మతాల్పసంఖ్యాకులకును భాషాల్పసంఖ్యాకులకును ఒకేమాటలో పాఠశాలలు స్థాపించి నడుపుకొను హక్కు నొసగినది. ఈ రెండును ఎంత పెనవేసుకొని యుండునో అమెరికాలో నెబ్రాస్కా కథ తెలుపును. 1919లో ఆ రాష్ట్రము ఎనిమిదవ తరగతి దాటకమున్ను పిల్లలకు అన్యభాష నేర్పరాదని శాసించెను. చర్చి బడిలో పదేండ్ల బాలునికి బైబిలు కథలు జర్మను భాషలో చదివించిన ఉపాధ్యాయునికి 25 డాలర్ల జరిమానా పడినది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివైచి, పిల్లలకు ఏమి నేర్పింపవలెనో కోరుకొను హక్కు తలిదండ్రులకు కలదనెను.

మన రాష్ట్రమున 2006 చట్టము తమిళమును అన్ని బడులలో తప్పనిసరి చేసినది. భాషాల్పసంఖ్యాకులు కోర్టుకు పోగా, 2023లో సుప్రీంకోర్టు ఆ యేటి పదవ తరగతి పరీక్షకు మాత్రము తమిళమునుండి మినహాయింపు నొసగెను. మన పిల్లలు తమిళము నేర్వవలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. బజారునకు పోయినను రైలెక్కినను అదియే అక్కరకు వచ్చును. తెలుగు మానిపించి నేర్పుటయే మాకు సమ్మతము కాదు.