పెట్టుటయే పాలించుట

ఆంగ్లమున 'ఫీడ్' అను క్రియ మిక్కిలి చిన్నది. తల్లి బిడ్డకు పాలిచ్చినను, పాలేరు పశువునకు మేత వేసినను, కమ్మరి కొలిమికి బొగ్గు వేసినను ఆ భాషకు ఈ మాట యొక్కటే చాలును. తెలుగున నట్లు కాదు. బిడ్డకు తినిపింతుము, పశువును మేపుదుము, అతిథికి వడ్డింతుము. అయినను ఆ చిన్నమాటను తేలికగా నెంచరాదు. దాని పుట్టుక విచారించినచో అందు రాజధర్మమే కానవచ్చుచున్నది.

ప్రాచీనాంగ్లమున దీని రూపము 'ఫేడన్'. అన్నమునకు వాడు 'ఫూడ్', పశుగ్రాసమునకు వాడు 'ఫాడర్', పెంపుడుతల్లిని చెప్పునపుడు వాడు 'ఫాస్టర్' అను మాటలు దీని తోబుట్టువులు. కాచుట, మేపుట అను రెండర్థములును గల యొక ప్రాచీన ధాతువు వీనికి మూలమని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. సంస్కృతమున రక్షణార్థకమైన 'పా' ధాతువును ఆ మూలమునుండి వచ్చినదే. మన పకారము వారి నోట ఫకారమగును. పితృశబ్దము 'ఫాదర్' అయినది, పాదము 'ఫుట్' అయినది. యాకోబ్ గ్రిమ్ పండితుడు ఈ నియమమును 1822లో వివరించెను. గోపుడనగా గోవులను కాచువాడు. మేపనివాడు కాచినవాడెట్లగును? మనము పాలించుట యనుమాటయు ఈ వంశములోనిదే.

ఆంగ్లేయుల 'లార్డ్' శబ్దమును ఇట్టిదే. అది పూర్వము 'హ్లాఫ్‌వేర్డ్', అనగా రొట్టెను కాపాడువాడు. అతని యాశ్రితుడు 'హ్లాఫేట', రొట్టె తినువాడు. కెంటు రాజగు ఏథెల్‌బర్ట్ సుమారు 600 నాట చేసిన శాసనములందు ఈ రెండవ మాట కలదు. మనకును భరించువాడు భర్త, భరింపదగినవాడు భృత్యుడు.

మాట యర్థము మరచిన ప్రభువు లెట్టివారో 1876–78 నాటి కరవు చూపినది. బళ్లారి, కర్నూలు, కడప మండలములు మాడిపోవుచుండగా, లార్డ్ లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపించెను. ఆ నెలలోనే ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవుపనులకు వచ్చిన మగకూలి దినవేతనమును ఒక పౌను ధాన్యమునకు, ఒక అణాకు తగ్గించెను. బిరుదు మాత్రము రొట్టెకాపరిదే!

ఇందొక లోపము మేము చూపక తప్పదు. రొట్టెను కాచినవానికి పేరు వచ్చినది. తినినవానికిని పేరు వచ్చినది. పండించినవానికి ఆ మాటలలో చోటు లేదు. 2013 నాటి ఆహారభద్రతా చట్టము అర్హులైన కుటుంబములలో తలకు నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా నొసగినది. తినువాడు ఇక భృత్యుడు కాడు. ఇక పండించువాని లెక్క మిగిలియున్నది. గాదెలు గల మా చదువరులు ఒక్కటి తలపవలెను: ఆ గాదె నింపినవాని యింట పొయ్యి వెలిగినదా యని యడుగుట దయ కాదు, ధర్మము.