పాత ల్యాండ్ క్రూయిజర్‌లో ట్రాక్టరు వంశపు డీజిల్ ఇంజను: లాభమెంత, భారమెంత?

రహదారి లేని నేలపై నడిచే పాత వాహనాలకు పెద్ద డీజిల్ ఇంజనును అమర్చే పద్ధతి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో చాలాకాలంగా ఉన్నది. దీనిని యంత్రప్రియుల సరదాగా మాత్రమే భావించడం సరికాదు. శక్తినిచ్చే యంత్రానికీ, ఆ శక్తిని నేలకు చేరవేసే భాగాలకూ మధ్య పొంతన ఎలా కుదరాలి అన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది. ట్రాక్టరుకు తగిన పనిముట్టును, పంపుసెట్టుకు తగిన మోటారును సూచించవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు ఈ ప్రశ్న కొత్తది కాదు. టయోటా ల్యాండ్ క్రూయిజర్ ఎఫ్‌జె40 వాహనంలో కమ్మిన్స్ 4బిటి ఇంజనును అమర్చడం ఈ కోవలో ప్రసిద్ధమైన ఉదాహరణ.

వాహనం, ఇంజను: నేపథ్యం

ఎఫ్‌జె40 నమూనా 1960లో మొదలై 1984 వరకు తయారైంది. నిచ్చెన వంటి ఉక్కు ఛాసిస్, ముందూ వెనుకా గట్టి ఇరుసులు, కమాను పట్టీలు, నాలుగు చక్రాల చోదనం దీని లక్షణాలు. 1970ల మధ్య నుంచి ఇందులో 2ఎఫ్ అనే 4.2 లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. ఇతర దేశాలలో ఇదే వాహనం డీజిల్ ఇంజనుతో లభించినా, అమెరికా విపణికి పెట్రోలు రకమే చేరింది. పశుక్షేత్రాలలోనూ కొండదారులలోనూ వాడినవారికి దీని దృఢత్వం నచ్చింది, ఇంధన దాహం నచ్చలేదు. మార్పిడి ఆలోచనకు మూలం అదే.

4బిటి ఇంజను పుట్టుక వ్యవసాయంతో ముడిపడినది. 1980లో కమ్మిన్స్ సంస్థ, ట్రాక్టర్ల తయారీ సంస్థ జె.ఐ.కేస్‌తో కలిసి ఉమ్మడి సంస్థను నెలకొల్పింది. ఉత్తర కరోలినా రాష్ట్రంలోని వారి కర్మాగారం నుంచి బి శ్రేణి ఇంజన్లు వెలువడ్డాయి. ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల రకం 1989 నమూనా డాడ్జ్ ట్రక్కుతో పేరు పొందింది. నాలుగు సిలిండర్ల 3.9 లీటర్ల రకమే 4బిటి. సిలిండరు వ్యాసం 102 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 120 మిల్లీమీటర్లు. దుకాణాలకు రొట్టెలు, చిరుతిళ్లు చేరవేసే పెట్టె వ్యాన్లలో దీనిని విరివిగా వాడారు. అవి పాతబడి విడిభాగాలుగా అమ్ముడైనప్పుడు ఇంజన్లు మార్పిడిదారుల చేతికి వచ్చాయి. భారతదేశంలోనూ ఈ శ్రేణి అపరిచితం కాదు. 1993లో ఏర్పడిన టాటా కమ్మిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో తయారు చేసిన బి శ్రేణి ఇంజన్లతో టాటా లారీలు నడుస్తున్నాయి.

అశ్వశక్తి తక్కువ, టార్కు ఎక్కువ

2ఎఫ్ పెట్రోలు ఇంజను నిమిషానికి 3,600 భ్రమణాల వద్ద సుమారు 135 అశ్వశక్తిని, 1,800 భ్రమణాల వద్ద సుమారు 285 న్యూటన్ మీటర్ల టార్కును ఇస్తుంది. 4బిటి సాధారణ రకం ఇచ్చేది సుమారు 105 అశ్వశక్తి మాత్రమే. కాని 1,600 భ్రమణాల వద్దనే దాని టార్కు సుమారు 359 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. అంటే 'పెద్ద ఇంజను' అని పిలిచే దానిలో అశ్వశక్తి తగ్గి, టార్కు దాదాపు 26 శాతం పెరుగుతున్నది.

ఈ అదనపు టార్కు బురదలోనూ రాళ్లలోనూ అక్కరకు వస్తుందని సాధారణంగా నమ్ముతారు. లెక్క వేరొక మాట చెబుతుంది. మొదటి గేరు నిష్పత్తి సుమారు 3.5, ట్రాన్స్‌ఫర్ కేసు తక్కువ గేరు సుమారు 2, ఇరుసు నిష్పత్తి 4.11 అనుకొంటే మొత్తం గుణకం 28.8 అవుతుంది. గేర్లలో 15 శాతం నష్టం తీసివేసినా, చక్రాల వద్దకు పెట్రోలు ఇంజనుతో సుమారు 7,000, డీజిల్ ఇంజనుతో సుమారు 8,800 న్యూటన్ మీటర్ల టార్కు చేరుతుంది. ఇక నేల ఎంత స్వీకరించగలదో చూడాలి. వాహనం బరువు 2,000 కిలోలు, గట్టి పొడినేలపై పట్టు గుణకం 0.6, చక్రపు వ్యాసార్థం 0.37 మీటరు అనుకొంటే, చక్రాలు జారకుండా నేల ఓర్చుకోగల టార్కు సుమారు 4,350 న్యూటన్ మీటర్లే. బురదలో పట్టు గుణకం 0.3కు పడిపోతే అందులో సగమే.

అనగా పాత పెట్రోలు ఇంజనే తక్కువ గేరులో నేల పట్టును మించిన బలాన్ని ఇస్తున్నది. దానికి మరింత బలం చేర్చితే చక్రం ఇంకా తేలికగా జారుతుందే తప్ప వాహనం ముందుకు సాగదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రాలు ఉన్నచోటనే తిరుగుతుంటే, లోపం ఇంజనులో కాక పట్టులో ఉన్నదని గుర్తించి ఇనుప చక్రాలను అమర్చడం వెనుక ఉన్న సూత్రం ఇదే.

మరి అసలు లాభం ఎక్కడ? పై గేరులో, బరువుతో, ఎగువ దారిలో. 1,600 భ్రమణాల వద్ద డీజిల్ ఇంజను సుమారు 60 కిలోవాట్ల శక్తిని ఇస్తే, అదే వేగం వద్ద పెట్రోలు ఇంజను శక్తి 48 కిలోవాట్లకు మించదు. పశువులను ఎక్కించిన ట్రెయిలరును లాగుతూ మిట్ట ఎక్కేటప్పుడు గేరు తగ్గించవలసిన అవసరం అందువల్ల తగ్గుతుంది. రెండవ లాభం ఇంధనంలో ఉన్నది. పెట్రోలు ఇంజను సంపీడన నిష్పత్తి సుమారు 7.8 కాగా, డీజిల్ ఇంజనుది సుమారు 17. గాలిని నొక్కిపట్టే థ్రాటిల్ లేకపోవడం వల్ల తక్కువ భారం వద్ద నష్టం కూడా స్వల్పం.

వేగానికి పడే పగ్గం

4బిటి పని వేగానికి హద్దు సుమారు 2,500 భ్రమణాలు. 29 అంగుళాల టైర్లు, 4.11 ఇరుసు ఉన్న వాహనం ఆ వేగం వద్ద పై గేరులో గంటకు 84 కిలోమీటర్లు మాత్రమే పోగలదు. పెట్రోలు ఇంజను 3,600 భ్రమణాల వద్ద అదే అమరికతో 121 కిలోమీటర్ల వరకు పోగలిగేది. ఈ లోటును పూడ్చడానికి కొందరు 33 అంగుళాల టైర్లను ఎంచుకొంటారు. వేగం 96 కిలోమీటర్లకు పెరుగుతుంది. కాని అదే బ్రేకు నేల వద్ద చూపగలిగే ఆపుడు బలం 12 శాతం తగ్గుతుంది. 0.75 నిష్పత్తి గల ఓవర్‌డ్రైవ్ గేరుబాక్సును అమర్చితే టైర్లు మార్చకుండానే 112 కిలోమీటర్లు సాధ్యం. ఖర్చు ఎక్కువైనా ఇదే సరైన మార్గం.

బరువు, కంపనం

ద్రవాలు లేకుండానే 4బిటి బరువు సుమారు 340 కిలోలు. ఇది మొత్తంగా ముందు ఇరుసు వైపు పడుతుంది. ముందు కమాను పట్టీలు, షాక్ అబ్జార్బర్లు అందుకు తగినట్లు మారకపోతే ముందుభాగం కుంగి స్టీరింగు తీరు మారుతుంది.

కంపనం మరొక సమస్య. వరుస ఆరు సిలిండర్ల ఇంజనులో పిస్టన్ల కదలికల వల్ల పుట్టే ప్రధాన బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. వరుస నాలుగు సిలిండర్ల ఇంజనులో భ్రమణ వేగానికి రెట్టింపు వేగంతో పైకీ కిందికీ కుదిపే బలం మిగిలిపోతుంది. సమతుల్య షాఫ్టులు లేని 4బిటిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. 800 భ్రమణాల నిశ్చల వేగం వద్ద ఈ కుదుపు సెకనుకు దాదాపు 27 సార్లు వస్తుంది. గట్టి రబ్బరు దిమ్మెలను వాడితే కుదుపు ఛాసిస్‌కు చేరి బోల్టులు వదులవుతాయి, గొట్టాలు చిట్లుతాయి. మరీ మెత్తనివి వాడితే ఇంజను ఊగి ఫ్యాను రేడియేటరును తాకే ప్రమాదం ఉన్నది.

మరువరాని అంశం: బ్రేకు సహాయం

ఈ మార్పిడిలో ప్రాణాపాయానికి దారితీయగల అంశం బయటికి కనిపించదు. పెట్రోలు ఇంజనులో థ్రాటిల్ మూసుకొన్నప్పుడు లోనికి గాలి పోయే మార్గంలో శూన్యపీడనం ఏర్పడుతుంది. బ్రేకు బూస్టరు ఆ పీడనంతోనే డ్రైవరు పాదానికి తోడ్పడుతుంది. డీజిల్ ఇంజనుకు థ్రాటిల్ లేదు కనుక ఆ శూన్యపీడనమూ లేదు. పాత గొట్టాన్ని యథాతథంగా కొత్త ఇంజనుకు తగిలిస్తే బూస్టరు పని చేయదు. అధిక బరువుతో కొండ దిగుతున్న వాహనాన్ని కేవలం పాద బలంతో ఆపవలసి వస్తుంది. పైగా థ్రాటిల్ లేని డీజిల్ ఇంజను తనంతట వాహనాన్ని నిలువరించే శక్తి కూడా తక్కువే. అందుచేత విడిగా వాక్యూమ్ పంపును గాని, ద్రవపీడనంతో పని చేసే బూస్టరును గాని అమర్చి, వాలుపై పరీక్షించనిదే వాహనాన్ని దారిపైకి తేరాదు.

కూర్పులో జాగ్రత్తలు

ఇంజనును గేరుబాక్సుకు కలిపే అడాప్టరు పలక కేంద్రం తప్పకూడదు. డయల్ గేజితో కొలిచినప్పుడు తేడా 0.13 మిల్లీమీటరుకు లోపు ఉండాలి. అంతకు మించితే క్లచ్, గేరుబాక్సు ముందు బేరింగు త్వరగా చెడిపోతాయి. ఇంజను పొడవు మారినందున ప్రొపెల్లరు షాఫ్టులను కత్తిరించి తిరిగి సమతుల్యం చేయించాలి. పెట్రోలు ట్యాంకును పూర్తిగా శుభ్రపరచి, మిగులు డీజిల్ తిరిగి ట్యాంకును చేరే గొట్టాన్ని అదనంగా వేయాలి. నీటిని వేరు చేసే వడపోత తప్పనిసరి. ఇగ్నిషన్ సంకేతంపై ఆధారపడిన భ్రమణ సూచిక ఇక పని చేయదు కనుక దానికి వేరే సెన్సరు కావాలి. తాళం తీసిన వెంటనే ఇంధనాన్ని ఆపే సోలినాయిడ్ సక్రమంగా పని చేస్తున్నదో లేదో ముందుగానే చూడాలి.

ఖర్చు, చట్టం

వంద కిలోమీటర్లకు 20 లీటర్ల పెట్రోలు పట్టే వాహనం మార్పిడి తరువాత 13 లీటర్ల డీజిల్‌తో నడుస్తుందని అనుకొందాం. ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగితే ఆదా 350 లీటర్లు. రెండు ఇంధనాల ధర సమానమని భావించి, మార్పిడి ఖర్చు 3,500 లీటర్ల ధరతో సమానమైతే పెట్టుబడి తిరిగి రావడానికి 10 సంవత్సరాలు పడుతుంది. ఎక్కువగా తిరిగే వాహనానికే ఈ లెక్క అనుకూలం.

చట్టపరమైన హద్దులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో అమర్చే ఇంజను వాహనపు నమూనా సంవత్సరానిదో, ఆ తరువాతిదో కావాలి. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. రవాణా అధికారి అనుమతి లేని మార్పిడి, ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారానికి కూడా అడ్డంకి కాగలదు.

విస్తరణ రంగానికి పాఠం

తెలుగు పల్లెలకు సమితి జీపు సుపరిచితం. పెట్రోలుతో మొదలైన మహీంద్రా జీపులకు తరువాతి దశాబ్దాలలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటిలో ప్యూజో రూపకల్పన చేసిన 2.1 లీటర్ల రకం ఒకటి. ఆ మార్పు కర్మాగారంలోనే జరిగినందున ఇంజనుకు తగినట్లు మిగిలిన భాగాలనూ సరిచూసే అవకాశం కలిగింది. ఊరి షెడ్డులో జరిగే మార్పిడికి ఆ రక్షణ ఉండదు. పాత బండికి పంపు ఇంజనును, చిన్న ట్రాక్టరుకు పెద్ద రోటవేటరును తగిలించే ఉత్సాహం రైతులలో కనిపించినప్పుడు, దానిని తీసిపారేయకుండా కొన్ని ప్రశ్నలను వరుసగా వారి ముందుంచడం మేలు. నేల ఎంత బలాన్ని స్వీకరిస్తుంది? ఇరుసు, క్లచ్ ఎంత మోస్తాయి? బ్రేకు ఎంత బరువును ఆపుతుంది? చట్టం ఏమంటుంది? ఆదా ఎన్నాళ్లకు చేతికి వస్తుంది? వీటన్నిటికీ సమాధానం దొరికిన తరువాతనే 'ఇంజను ఎంత పెద్దది' అన్న ప్రశ్నకు వంతు వస్తుంది.